తెడ్డు వేసినవాడి మాట చెల్లిన కాలం
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి దగ్గర శాసనాలు చదవడం నేర్చుకున్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. ప్రశస్తి పద్యాలు గబగబా దాటేసి, దానం వివరాల దగ్గర ఆయన ఆగేవారు. ఎన్ని పుట్ల నేల, తూర్పున ఎవరి చేను, నీళ్లు ఏ కాలవ నుంచి. రాజు తన గురించి చెప్పించుకున్నది ఎలాగూ గొప్పగానే ఉంటుంది, మనుషులు దొరికేది లెక్కల్లోనే అనేవారు. ఆయన పెట్టిన ఆ అలవాటుతోనే ఇవాళ ఒక దూరదేశపు లెక్కలు మీ ముందు విప్పుతాను.

1834లో ఏథెన్స్ రేవు పైరియస్‌లో పునాదులు తవ్వుతుంటే ఒక పాత మురుగుకాలవ బయటపడింది. ఎప్పుడో రోమన్ల కాలంలోనో, ఆ తర్వాతో కట్టిన కాలవ. దానికి వాడిన పాలరాతి పలకల నిండా అక్షరాలున్నాయి. అవి క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్ నౌకాశాల చిట్టాలు. ఏ ఓడ ఏ రేవులో ఉంది, దాని తెడ్లు ఎన్ని, వాటిలో పనికిరానివి ఎన్ని, తాళ్లు, తెరచాపలు తీసుకుని తిరిగివ్వని ఆసాములు ఎవరు అనే బాకీల జాబితాతో సహా అన్నీ చెక్కించారు. జర్మన్ పండితుడు ఔగుస్ట్ బోక్ 1840లో వాటిని అచ్చువేశాడు. ఊరి పెద్దమనుషుల బాకీలు రాతి మీద చెక్కించి పదిమందీ చూసేలా నిలబెట్టడం మన మునిసిపాలిటీలకు ఇంకా తట్టని ఆలోచన.

ఆ చిట్టాల్లో ఉన్న ఓడ రకం పేరు ట్రైరీమ్. మూడు వరుసల తెడ్ల యుద్ధనౌక. ఇవాళ నా మాటలన్నీ దాన్ని లాగిన మనుషుల చుట్టూ తిరుగుతాయి. ఏథెన్స్ ప్రజాస్వామ్యం కొండమీది సభాస్థలిలో ఎంత తయారైందో, ఈ ఓడల బల్లల మీద కూడా అంతే తయారైందని నా వాదన.

తెడ్ల యుద్ధనౌక అనగానే చాలామందికి 1959 నాటి ‘బెన్‌హర్’ సినిమా గుర్తొస్తుంది. కాళ్లకు గొలుసులు, డప్పు మోత, వీపు మీద కొరడా. ఆ దృశ్యం నిజానికి పదహారు, పదిహేడు శతాబ్దాల మధ్యధరా సముద్రానిది. అప్పుడు స్పెయిన్, ఫ్రాన్స్, ఒట్టోమన్ ఓడల్లో ఖైదీలను, బానిసలను కట్టేసి లాగించారు. పాత రోము ఓడల్లో కూడా మామూలుగా తెడ్డు పట్టింది జీతానికి కుదిరిన స్వేచ్ఛాజీవులే. ఏథెన్స్‌లోనైతే వాళ్లలో చాలామంది ఓటున్న పౌరులు. పౌరుల్లో అందరికన్నా అడుగున ఉండే పేదవర్గం. పొలం లేనివాళ్లు, కవచం కొనే స్తోమతు లేనివాళ్లు. వాళ్లతోపాటు ఏథెన్స్‌లో స్థిరపడిన పరదేశులు, దీవుల నుంచి జీతానికి వచ్చినవాళ్లు.

ఓడలో మొత్తం 200 మంది. అందులో తెడ్లు వేసేవాళ్లే 170 మంది: పై వరుసలో 62, మధ్య వరుసలో 54, అడుగున 54. సైనికులు పదిమంది, విలుకాళ్లు నలుగురు. మిగిలినవాళ్లలో చుక్కాని పట్టేవాడు, ముక్కు దగ్గర నిలబడి దారి చూసేవాడు, తెడ్ల వేగం చెప్పేవాడు, లయ కోసం పిల్లనగ్రోవి ఊదేవాడు, వడ్రంగి, కొందరు నావికులు. అందరిమీదా ఒక ధనవంతుడు. ఏడాదిపాటు ఆ ఓడ మంచిచెడ్డలు, మరమ్మతులు తన సొంత ఖర్చుతో చూసుకోవడం అతని వంతు.

మనిషికి ఒక్క తెడ్డు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. కేరళ పడవ పందేల్లో తెడ్లు వేసేవాళ్లు వెళ్లే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంటారు. ఇక్కడ వీపు పెట్టి కూర్చోవాలి. ఎటు పోతున్నామో, ఎదురుగా ఎవరొస్తున్నారో తెలియదు. పై వరుసవాడికి కనీసం తన తెడ్డు నీళ్లలో మునిగే చోటు కనబడుతుంది. మధ్యవాడికి, కిందివాడికి అదీ లేదు. చుట్టూ చెక్క, ముందు ఒకడి వీపు, నెత్తిమీద ఇంకొకడి పిర్రలు. కిందివాడి తెడ్డు కన్నం నీటిమట్టానికి కాస్తే పైన ఉంటుంది కాబట్టి, అలలు లోపలికి రాకుండా దానికి తోలు తొడుగు బిగించేవారు. క్రీ.పూ. 405లో ఆడిన ‘కప్పలు’ నాటకంలో అరిస్టోఫనీస్, కిందివాడి ముఖానికి పైవాడు ఏం పంచుతాడో చెప్పి జనాన్ని నవ్వించాడు. సభామర్యాద కోసం నేను ఇక్కడితో ఆపుతాను. ఆ రోజు నవ్విన ప్రేక్షకుల్లో ఆ బల్లల మీద కూర్చుని వచ్చినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు.

ఇన్ని తెడ్లు ఒకదానికొకటి తగలకుండా ఎలా వేశారన్నది పండితులు తరాల తరబడి తగువులాడుకున్న విషయం. 1975లో లండన్ ‘టైమ్స్’ పత్రికలో దీని మీద ఉత్తరాల యుద్ధం నడిచింది. దాని ఫలితంగా జాన్ మారిసన్ అనే గ్రీకు పండితుడు, జాన్ కోట్స్ అనే నౌకా నిర్మాణ నిపుణుడు, ఫ్రాంక్ వెల్ష్ కలిసి గ్రీసు నౌకాదళం సాయంతో ఓడనే కట్టించారు. దాని పేరు ‘ఒలింపియాస్’. 1987లో నీళ్లలోకి దిగింది. పొడవు దాదాపు 37 మీటర్లు, వెడల్పు ఐదున్నర. ముక్కుకు 200 కిలోల కంచు కొమ్ము. పైరియస్‌లో తవ్వకాల్లో బయటపడ్డ ఓడల కొట్టాల కొలతలకు సరిపోయేలా కట్టారు. స్వచ్ఛందంగా వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు తెడ్లు పట్టారు. కాసేపు తొమ్మిది నాట్ల వేగం అందుకున్నారు. రెండున్నర ఓడల పొడవంత జాగాలో, ఒక్క నిమిషంలో పూర్తిగా వెనక్కి తిప్పారు. మనిషికి గంటకు లీటరు నీళ్లు తాగాల్సి వచ్చింది. ఈ చివరి లెక్క గుర్తుపెట్టుకోండి. 170 మంది, పది గంటలు అంటే 1,700 లీటర్లు. అంత నీరు మోసుకుపోయే చోటు ఆ ఓడలో లేదు. వంటకు చోటు లేదు, పడుకోను చోటు లేదు. పొద్దుగూకితే ఒడ్డుకు లాగాలి, మధ్యాహ్నం భోజనానికి కూడా వీలైతే ఒడ్డు చేరాలి. మిత్రుల రేవులు, ఇసుక తిన్నెలు, ఊటబావులు ఎక్కడెక్కడ ఉన్నాయో వాటిని బట్టే ఆనాటి నౌకాయుద్ధాల పటం గీసుకోవాలి.

మన సముద్రం సంగతి వేరు. ఋతుపవనాలను నమ్ముకుని తెరచాప ఎత్తినవాళ్లం మనం. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద కనిపించేది రెండు తెరచాప కొయ్యల ఓడ. ట్రైరీమ్‌కూ తెరచాప ఉంది. దూరప్రయాణంలో ఎత్తేవారు. యుద్ధానికి పోయేముందు మాత్రం వీలైతే దాన్ని ఒడ్డునే దించేసి పోయేవారు. ఎదుటి ఓడ పక్కటెముకల్లో కంచు కొమ్ము దించి, చిక్కుకోకుండా వెంటనే వెనక్కి లాక్కోవాలంటే గాలి దయ మీద ఆధారపడితే కుదరదు.

తెడ్డు వేసేవాడి సొంత సామాను మూడు వస్తువులు: తెడ్డు, కూర్చునే మెత్త, తెడ్డును మేకుకు కట్టే తోలు పట్టీ. ఈ సంగతి మనకు తెలిసింది ఒక దొంగదాడి వల్ల. క్రీ.పూ. 429లో, ఏథెన్స్‌తో యుద్ధంలో ఉన్న స్పార్టా పక్షంవాళ్లు పైరియస్ మీద పడాలనుకున్నారు. తమ ఓడలు ఏథెన్స్‌వాళ్ల కంటపడకుండా, నావికులే ఒక్కొక్కరు ఈ మూడూ భుజాన వేసుకుని కొరింత్ నుంచి మెగారా వైపు నడిచిపోయారు. అక్కడి రేవులో ఊరికే పడి ఉన్న 40 ఓడలను రాత్రికి రాత్రి నీళ్లలోకి తోశారు. తీరా బయల్దేరాక ధైర్యం చాల్లేదు. గాలి కూడా అడ్డొచ్చిందంటారు, ఆ యుద్ధ చరిత్ర రాసిన థ్యూసిడిడీస్ మాత్రం ఆ సాకును పెద్దగా నమ్మలేదు. సలామిస్ దీవిని కాస్త దోచుకుని తిరుగుముఖం పట్టారు. చాలాకాలం ఎండిపోయిన చెక్క కావడంతో ఓడలు కారడం మొదలుపెట్టాయి కూడా. నీళ్లలో ఎక్కువ రోజులుంటే చెక్క నానిపోతుంది, ఒడ్డున ఎక్కువ రోజులుంటే బీటలిస్తుంది. ఏథెన్స్ నౌకాబలమంతా ఈ రెంటి మధ్యా ఇరుక్కున్న కాపురం.

అదే ఏడాది పాట్రస్ సింధుశాఖలో జరిగిన పోరు చూస్తే 170 మంది కలిసికట్టుతనం ఏం చేయగలదో తెలుస్తుంది. ఏథెన్స్ సేనాని ఫోర్మియో దగ్గర 20 ఓడలు. ఎదుట స్పార్టా పక్షంవి 47. ఎదుటివాళ్లు ముక్కులు బయటికి, తోకలు లోపలికి పెట్టి పెద్ద వలయంగా నిలిచారు. ఫోర్మియో తన ఓడలను ఒకదాని వెనక ఒకటిగా నిలిపి, ఆ వలయం చుట్టూ తిరగమన్నాడు. దాదాపు రాసుకుంటూ పోవాలి, కొట్టకూడదు. ప్రతి చుట్టుకూ వలయం ఇంకాస్త బిగుసుకుంటోంది. తెల్లవారేసరికి సింధుశాఖ నుంచి గాలి లేస్తుందని అతనికి తెలుసు. లేచింది. ఇరుకున చిక్కుకున్న ఓడలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. గెడలతో తోసుకున్నారు, కేకలేసుకున్నారు, తిట్టుకున్నారు. ఆ గోలలో వేగం చెప్పేవాడి మాట ఎవరికీ వినబడలేదు. అలల్లో తెడ్డు ఎత్తి వేయడం రానివాళ్లు చేతులెత్తేశారు. అప్పుడు కొట్టమన్నాడు ఫోర్మియో. 12 ఓడలు పట్టుబడ్డాయి. ఆ తర్వాతి పోరుకు ముందు తనవాళ్లకు అతను చెప్పిన ముఖ్యమైన మాట మౌనం గురించి. బల్ల మీద నోరు మూసుకుని ఆజ్ఞ వినమన్నాడు.

ఏథెన్స్ ప్రజాసభలో అంత గొడవ చేసే జనం ఓడలో అంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలిగారు? దానికి యాభై ఏళ్లు వెనక్కి పోవాలి. క్రీ.పూ. 483లో లారియం గనుల్లో వెండి బాగా పడింది. దాన్ని పౌరులకు తలా పది ద్రాఖ్మాల (ఏథెన్స్ వెండి నాణేల) చొప్పున పంచేద్దామన్నారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ లేచి, పంచొద్దు, ఓడలు కడదాం అన్నాడు. పర్షియా పేరెత్తితే అంత దూరం ఎవరూ ఆలోచించరని కాబోలు, పక్కనే ఉన్న ఈజినా దీవితో తగాదాను చూపించాడు. జనం చేతికొచ్చిన డబ్బు వదులుకున్నారు. ఓటు కోసం డబ్బు పంచే రోజులు చూస్తున్న మనకు ఇది విడ్డూరంగా ఉంటుంది.

మూడేళ్లకు పర్షియా రాజు జెర్క్సీస్ దండెత్తి వచ్చాడు. సలామిస్ పోరులో ఏథెన్స్‌వి 180 ఓడలని చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. ఓడకు 200 చొప్పున 36,000 మంది కావాలి. అదే హెరొడోటస్ మరోచోట ఏథెన్స్ పౌరులు 30,000 అంటాడు. అంటే చెయ్యి ఆడే మగవాడు ఎవడూ మిగలకుండా ఓడెక్కాల్సిందే. అంతకుముందు ఆర్టెమీసియం దగ్గరి పోరులో సముద్రం ఎరుగని ప్లాటియా రైతులు కూడా తెడ్లు పట్టారు. సలామిస్ ముందురోజు రాత్రి, గ్రీకులు పారిపోతున్నారన్న దొంగ కబురు నమ్మి పర్షియా నావికులు తెల్లవార్లూ తెడ్ల మీదే ఉన్నారు. గ్రీకులు ఒడ్డున ఉన్నారు. తెల్లారి ఇరుకు జలసంధిలో ఆ అలసిన ఓడలు కిక్కిరిసి ఒకదాని తెడ్లు ఒకటి విరగ్గొట్టుకున్నాయి. గొప్ప యుద్ధాలకు గొప్ప కారణాలే చెబుతారు. నాకు మాత్రం నిద్రలేని రాత్రి వాటిలో చిన్నదిగా కనిపించదు.

నగరాన్ని కాపాడింది కవచం తొడిగిన భూస్వాములు కాదని, తెడ్డు పట్టిన కూలీలని ఆ తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ‘వృద్ధ ఒలిగార్క్’ అని మనం పిలిచే ఒక అజ్ఞాత రచయిత ఉన్నాడు. ప్రజాస్వామ్యం అంటే అతనికి ఒళ్లుమంట. అయినా ఒప్పుకున్నాడు: ఓడలు నడిపేది పేదవాళ్లే, నగరానికి బలం ఇస్తున్నది వాళ్లే, అందుకని పదవుల్లో వాళ్లకు వాటా ఉండటం న్యాయమే అని. ఇష్టం లేనివాడు చెప్పిన సాక్ష్యం కనుక నాకు దాని మీద గురి ఎక్కువ.

కూలి సంగతి చూద్దాం. ఏథెన్స్ సిసిలీ దీవి మీదికి దండెత్తి పోయినప్పుడు రోజుకు ఒక ద్రాఖ్మా. తర్వాతి కాలంలో చాలాసార్లు అందులో సగమే. 200 మందికి నెలకు 6,000 ద్రాఖ్మాలు, అంటే ఒక టాలెంట్ వెండి. సిసిలీకి పోయే ముందు ఓడల ఖర్చు భరించే ధనవంతులు పై వరుసవాళ్లకు జేబులోంచి అదనంగా కూడా ఇచ్చారు. ఆ వరుస పని అంత నేర్పుతో కూడినది. ఈ డబ్బు చాలావరకు సామంత నగరాల కప్పం. ఏథెన్స్ పేదవాడి స్వేచ్ఛకు నాక్సోస్ లాంటి దీవులు బిల్లు కట్టాయన్న మాట దాచిపెట్టి ఈ కథ చెప్పకూడదు.

క్రీ.పూ. 427లో ఏథెన్స్ కూటమిలోని లెస్బోస్ దీవిలో మిటిలీనీ నగరం తిరగబడి ఓడిపోయింది. అక్కడి మగవాళ్లందరినీ చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మేయాలని ఏథెన్స్ సభ తీర్మానించి, ఆ ఆజ్ఞతో ఒక ఓడను పంపింది. మర్నాటికి కోపం చల్లారింది. మళ్లీ సమావేశమై, కొద్ది ఓట్ల తేడాతో మనసు మార్చుకుని రెండో ఓడను తరిమారు. మొదటిది అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. దూరం 340 కిలోమీటర్లు. మిటిలీనీ దూతలు వైన్, బార్లీపిండి తెచ్చి ఓడలో వేసి, ముందు చేరితే మంచి బహుమానం ఇస్తామన్నారు. తెడ్డు ఆపకుండానే, వైన్‌లో, నూనెలో కలిపిన పిండిముద్దలు తిన్నారు. వంతులవారీగా కునుకు తీశారు, తక్కినవాళ్లు లాగారు. ఎదురుగాలి రాలేదు. మొదటి ఓడవాళ్లకు తాము మోసుకుపోతున్న కబురు రుచించక నింపాదిగా పోయారు. అక్కడి ఏథెన్స్ సేనాని ఆజ్ఞ చదువుకుని అమలుకు సిద్ధమవుతుండగా రెండో ఓడ ఒడ్డు తగిలింది. ఊరు బతికింది, తిరుగుబాటు పెద్దలు మాత్రం బతకలేదు. మొదటి తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో తెడ్డు వేసే వర్గంవాళ్లు లేరని నేననను. చంపమన్నదీ ఆ జనమే, పరుగెత్తి ఆపిందీ ఆ జనమే.

సిసిలీ మీదికి పోయిన ఏథెన్స్ నౌకాదళం నాశనమైన కథ మీకు తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. అక్కడి సేనాని నికియాస్ క్రీ.పూ. 414 చలికాలంలో ఇంటికి రాసిన ఉత్తరంలో ఓడిపోవడం గురించి కన్నా ఓడల గురించే ఎక్కువ మొరపెట్టుకున్నాడు: ఒడ్డుకు లాగి ఆరబెట్టే వీలు లేక నానిపోయాయి, మనుషులు తగ్గిపోయారు, కొందరు తమ బదులు బానిసలను కూర్చోబెట్టి తప్పుకుంటున్నారు. ఇరుకు రేవులో, సిసిలీలోని సిరక్యూస్ నగరంవాళ్లు ముక్కులు బలంగా కట్టుకుని ఎదురెదురుగా గుద్దారు. నేర్పుకు చోటు లేని చోట ఏథెన్స్ ఓడకు విలువ లేదు.

నౌకాదళం అలా కుంగి ఉన్న క్రీ.పూ. 411లో ఏథెన్స్‌లో ధనికులు ప్రజాస్వామ్యాన్ని కూలదోసి 400 మంది చేతుల్లో పాలన పెట్టారు. నౌకాదళం అప్పుడు సామోస్ దీవిలో ఉంది. ‘పారలోస్’ అని ప్రభుత్వ ఓడ ఒకటి ఉండేది, దానిలో అందరూ ఏథెన్స్ పౌరులే, అందరూ ధనికపాలన అంటే మండిపడేవాళ్లే. నావికులు ఆ ఒడ్డునే సభ తీర్చారు. పాత సేనానులను దించేశారు, త్రాసిబ్యులస్‌ను, త్రాసిలస్‌ను ఎన్నుకున్నారు. మనం నగరం నుంచి విడిపోలేదు, నగరమే మన నుంచి విడిపోయింది, వాళ్లు తక్కువమంది, మనం ఎక్కువమంది అనుకున్నారని థ్యూసిడిడీస్ రాశాడు. ఓడలు, కప్పం వసూలు, చేతినేర్పు అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. నగరం దగ్గర గోడలున్నాయి. కొన్ని నెలల్లోనే ఆ 400 మంది పాలన కూలింది. ప్రపంచ చరిత్రలో సైన్యం రాజ్యాంగాన్ని కాలరాసిన సందర్భాలు కోకొల్లలు. కాపాడటానికి సభ పెట్టి ఓటేసిన సందర్భం నాకు ఇంకొకటి వెంటనే గుర్తురాదు.

అదే జనం ఐదేళ్లకు చేసిన పని ఇంకొకటుంది. క్రీ.పూ. 406లో మనుషులు చాలక, బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని చెప్పి, గుర్రపురౌతులను కూడా బల్లల మీద కూర్చోబెట్టి, 30 రోజుల్లో 110 ఓడలు సిద్ధం చేశారు. ఆర్గినుసే దీవుల దగ్గర స్పార్టా మీద గెలిచారు. కానీ 25 ఓడలు పోయాయి. ఈ ఓడలకు అడుగుబరువు ఉండదు. కన్నం పడితే నీళ్లు నిండి తేలుతుంటాయి తప్ప అడుగంటవు. ట్రైరీమ్ శిథిలం ఒక్కటీ సముద్రం అడుగున దొరకకపోవడానికి కారణం అదే అంటారు. అలా తేలే చెక్కలు పట్టుకుని వేలాడుతున్నవాళ్లను, తుఫాను లేచిందని, సేనానులు ఎక్కించుకోలేకపోయారు. అన్నదమ్ములు, కొడుకులు పోయిన జనం సభలో ఊగిపోయారు. ఎనిమిదిమంది సేనానులకు మరణశిక్ష వేశారు, చేతికి చిక్కిన ఆరుగుర్ని చంపారు. విడివిడిగా విచారించకుండా మూకుమ్మడిగా ఓటు పెట్టడం చట్టవిరుద్ధమని ఆ రోజు అధ్యక్షవర్గంలో ఉన్న సోక్రటీస్ అడ్డుచెప్పాడు. వినలేదు. తర్వాత చింతించారు. పారలోస్ నావికుల్ని పొగిడిన నోటితోనే ఈ తప్పు కూడా చెప్పాలి. కానీ నీళ్లలో వదిలేసిన నావికుడి ప్రాణానికి సేనానుల చేత సంజాయిషీ అడిగిన రాజ్యం ఆ కాలంలో ఇంకొకటి చూపించమంటే చూపించలేను.

మరుసటి ఏడాది, ఒక జలసంధి ఒడ్డున ఉన్న ఈగోస్పోటమీ దగ్గర ఆఖరి పోరు. ఏథెన్స్‌వి 180 ఓడలు, బోసి ఒడ్డున లాగి ఉన్నాయి. తిండి కావాలంటే దూరాన ఉన్న సెస్టోస్ బజారుకు పోవాలి. స్పార్టా సేనాని లైసాండర్ నాలుగు రోజులు ఊరికే చూశాడు. అయిదో రోజు నావికులు తిండికోసం చెదిరిపోయిన వేళ జలసంధి దాటి వచ్చాడు. కొన్ని ఓడల్లో రెండు వరుసలే నిండాయి, కొన్నిట్లో ఒకటే, కొన్ని పూర్తిగా ఖాళీ. సేనాని కోనన్ తొమ్మిది ఓడలతో తప్పించుకున్నాడు. దాదాపు మిగిలినవన్నీ ఒడ్డు మీదే పట్టుబడ్డాయి. యుద్ధం ముగిసింది. సంధి ప్రకారం ఏథెన్స్‌కు మిగిలినవి పన్నెండు ఓడలు.

మళ్లీ కట్టుకున్నారు. మొదట్లో చెప్పిన చిట్టాలు ఆ రెండో విడతవే. క్రీ.పూ. 330 నాటికి రేవుల్లో 400 దాకా ఓడలున్నాయి. వాటి పేర్లు చదువుతుంటే ‘డెమొక్రాతియా’, ‘ఎలూతెరియా’, ‘పర్రేసియా’ తగులుతాయి. ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ, నిర్భయంగా మాట్లాడటం. ఓడలైతే ఉన్నాయి కానీ అన్నిట్లోనూ కూర్చోబెట్టే మనుషులు, వాళ్లకిచ్చే వెండి లేవు. సామంత నగరాలు చేజారాయి. చుట్టుపక్కల రాజులు ఒక్కో తెడ్డుకు ఇద్దరిని, ముగ్గురిని కూర్చోబెట్టే పెద్ద ఓడలకు మారుతున్నారు. జట్టులో ఒక్కడికి పని వస్తే చాలు, మిగిలినవాళ్లు బలం పెడితే సరిపోతుంది. రోము, కార్తేజ్ ఆ తర్వాత పోట్లాడుకున్నది అలాంటి ఓడల మీదే. ఆ కథ ఇంకోసారి.

అలెగ్జాండర్ చనిపోయాక ఏథెన్స్ మాసిడోనియా మీద తిరగబడింది. క్రీ.పూ. 322లో అమోర్గోస్ దీవి దగ్గర దాని నౌకాదళం ఓడిపోయింది. ఆ ఏడాదే మాసిడోనియా అధిపతి ఆంటిపాటర్ పైరియస్ దగ్గర కోట మీద తన సైన్యాన్ని పెట్టి, 2,000 ద్రాఖ్మాల ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్నాడు. జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ లెక్క ప్రకారం 12,000 మందికి పైగా పౌరుల ఓటు పోయింది. వాళ్లలో కొందరిని నేల ఇస్తామని చెప్పి థ్రేస్‌కు పంపేశారు.